నీళ్లలో ముంచి చూడాలి

మా కోడలు ఫ్రీజర్‌ తలుపు తీసి కెవ్వున అరిచిన రోజు నాకింకా గుర్తే. పచ్చిబఠాణీల ప్యాకెట్టుకీ కొబ్బరికోరు ప్యాకెట్టుకీ మధ్య ఒక ప్లాస్టిక్‌ సంచి. అందులో ఉడుత తోక. పెట్టింది నేనే. పురుగు పట్టకుండా ఉండాలంటే కొన్నాళ్లు గడ్డకట్టించాలని ఎదురింటి పెద్దాయన చెప్పారు. మనింట్లోనూ ఫ్రీజరుంది కదా అని తెచ్చి పెట్టాను. ఇంట్లో చెప్పడం మర్చిపోయాను.

‘‘మామయ్యగారూ, రాముడు వీపు నిమిరిన ఉడుతండీ!’’ అంది కోడలు, కళ్లనీళ్లొక్కటే తక్కువ.

‘‘ఇది అమెరికా ఉడుతమ్మా. చూడు, దీనికి మూడు చారలుండవు’’ అన్నాను.

ఆ జవాబు పనిచేయలేదు. సాయంత్రానికల్లా తోక ఎదురింటి గ్యారేజీకి వెళ్లిపోయింది. కానీ రిటైరైన సైన్సు మాస్టారు రోజూ మధ్యాహ్నం భోజనం చేసి ఎక్కడికి మాయమవుతున్నాడో ఇంట్లోవాళ్లకి తెలిసింది మాత్రం ఆ రోజే.

అది 2016 ఏప్రిల్‌. మా ఆవిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ‘ఒక్కడివీ అక్కడేం చేస్తావు, రా నాన్నా’ అని అబ్బాయి మినెసోటా తీసుకెళ్లాడు. వెళ్లాను గానీ, అక్కడ మాత్రం చేసేదేముంది? తొమ్మిదింటికి కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు బడికి. సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. ముప్పై నాలుగేళ్లు గంట కొట్టగానే క్లాసులోకి పరిగెత్తినవాణ్ని. గంటే లేని రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో అక్కడే తెలిసింది.

ఎదురింటి గ్యారేజీ తలుపు మధ్యాహ్నాలు తెరిచి ఉండేది. లోపల బల్ల ముందు ఒక పెద్దాయన. నాకంటే పదేళ్లు పెద్ద. స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. నాలుగు రోజులు దూరం నుంచే చెయ్యి ఊపుకున్నాం. అయిదో రోజు రోడ్డు దాటాను. బల్ల నిండా ఈకలు. తెల్లవి, నల్లవి, ఎర్రవి, పచ్చవి. డబ్బాల్లో కొన్ని, సీసాల్లో కొన్ని. ఒక మూల జింక తోకలు. ఇంకో మూల కుందేలు చర్మం. నాకొక్కసారి మా నాన్న కోళ్లగూడు గుర్తొచ్చింది.

‘‘నువ్వేం పని చేసేవాడివి?’’ అని అడిగారు. చెప్పాను. ఆ రోజు నుంచి నా పేరు ఆయనకి ‘టీచర్‌’. ఆ గ్యారేజీలో టీచర్‌ ఎవరో, విద్యార్థి ఎవరో మీకు ముందుముందు తెలుస్తుంది.

మినెసోటాని పదివేల సరస్సుల రాష్ట్రమంటారు. వాళ్ల కార్ల నంబరు పలకల మీద కూడా అదే రాసుంటుంది. పదెకరాలకి పైబడినవి లెక్కపెడితే 11,842 అట. చలికాలమంతా వాటిమీద మంచు పలక కడుతుంది. అది కరిగాక, నీళ్లు కాస్త వేడెక్కేసరికి ‘క్రాపీ’ అనే చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు లోతు తక్కువ నీళ్లలోకి వస్తాయి. అరచేతి వెడల్పున, వెండిరంగు మీద నల్లచుక్కలతో ఉంటాయి. వాటికోసం మా పెద్దాయన కట్టేవే ‘జిగ్‌’లు.

జిగ్‌ అంటే గాలమే. కాకపోతే కొక్కెం మెడ దగ్గర చిన్న గోళీలాగా లోహం పోతపోసి ఉంటుంది. క్రాపీకి వాడేది ఔన్సులో పదహారో వంతు, అంటే రెండు గ్రాములకి కాస్త తక్కువ. వెనకటికి ఆ గోళీ సీసంతో చేసేవాళ్లు. రాలిపోయిన సీసం ముక్కలు మింగి ‘లూన్‌’ అనే నీటిపక్షులు చచ్చిపోతున్నాయని తెలిశాక పెద్దాయన తగరానికీ బిస్మత్‌కీ మారారు. లూన్‌ వాళ్ల రాష్ట్ర పక్షి. గోళీ వెనక కొక్కెం కాడ మీద ఈకలో, బొచ్చో పెట్టి దారంతో బిగించి కడతారు. అదే ఎర. వానపాము లేదు, పిండి ముద్ద లేదు. చేప దాన్ని చూసి చిన్న చేపపిల్ల అనో, పురుగనో భ్రమపడాలి.

మా చిన్నప్పుడు భీమవరం పక్క పల్లెలో కాలవగట్టున మేమూ గాలాలేశాం. వెదురు బద్ద, నూలుతాడు, జీలుగు బెండు, వానపాము. బెండు దొరక్కపోతే నెమలి ఈక కాడే బెండు. మట్టగిడసో, ఇంగిలాయో పడితే పండగ. కొర్రమీను పడితే ఊరంతా చెప్పుకోవడం. చేపని మోసం చేయడానికి ఈకని వాడొచ్చని మాత్రం అప్పుడు తెలియదు. మా ఊళ్లో ఈకతో పని కోడికే.

ఈకల సంగతి నాకు తెలుసని పెద్దాయన దగ్గర కాస్త గొప్పలు పోయానని ఒప్పుకోవాలి. మా నాన్న సంక్రాంతి పుంజుల్ని మేపినవాడు. ఎర్రటిది డేగ, నల్లటిది కాకి, తెల్లటిది సేతువ. మెడ ఈక రంగు ఒకటి, రెక్క ఈక రంగు ఇంకొకటి అయితే దానికో పేరు. ఆ పేర్లన్నీ ఆయన మాకు ఎక్కాల కంటే ముందే నేర్పాడు. అందుకే పెద్దాయన మూడు ఈకలు బల్లమీద పెట్టి ‘‘చలినీళ్లలో చేపకి వీటిలో ఏది కడతావు?’’ అని అడిగితే తడుముకోలేదు. నిగనిగలాడే పుంజు మెడ ఈక తీసిచ్చాను. ఎండలో పెడితే రాగిలా మెరుస్తోంది.

ఆయన ఏమీ అనలేదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఆ ఈకని చిన్న పట్టకారుతో పట్టుకుని ముంచారు. పైకీ కిందికీ ఆడించారు. ఈక అగ్గిపుల్లలాగా నిటారుగా వెళ్లింది, నిటారుగా వచ్చింది. అంతే. తర్వాత రెండోది. బూరుగు దూదిలాంటి తెల్లటి నూగు. ముంచగానే ముడుచుకుపోయి తడిసిన పిల్లి తోకలా సన్నబడింది. నాకు నవ్వొచ్చింది.

‘‘ఆగు’’ అన్నారాయన. గ్లాసులో దాన్ని వేలెడు ఎత్తి వదిలారు. పడేటప్పుడు ఒక్కో పోగూ విడివడింది. ఆపేస్తే కూడా కదులుతూనే ఉంది. చెయ్యి కదలట్లేదు, నీళ్లు కదలట్లేదు, ఈక కదులుతోంది.

‘‘చేప ఈ బల్లమీద ఉండదు టీచర్‌. ఈకని పొడిగా చూసి ఎంచితే నీకు నచ్చింది వస్తుంది. తడిపి చూసి ఎంచితే చేపకి నచ్చింది వస్తుంది’’ అన్నారు.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకి ‘ప్రయోగం చేయకుండా ఫలితం రాయొద్దు’ అని చెప్పినవాణ్ని. ఒక్క ఈక దగ్గర ఆ మాట మర్చిపోయాను.

అలా మొదలైంది మా బడి. ఆయనకి అప్పటికే కంటిచూపు మందగించింది. సన్నదారం కనిపించడం లేదు. నాకు కళ్లద్దాలతో బాగానే కనిపిస్తుంది. అందుకని ఎంచడం ఆయన, కట్టడం నేను. కొక్కేన్ని బిగించే చిన్న వైస్‌ ముందు నన్ను కూర్చోబెట్టి, పక్కన స్టూలు మీద ఆయన కూర్చునేవారు.

ఆ తెల్లటి నూగుని ‘మారబూ’ అంటారు. మారబూ అసలు ఆఫ్రికాలో ఉండే ఒక పెద్ద కొంగ. తల మీద వెంట్రుకలుండవు, చెత్తకుప్పల మీద తిరుగుతుంది. చూడ్డానికి బాగోదు గానీ దాని నూగు ఈకలు అంత మెత్తన. మన అసోంలోని హర్గిలా కొంగ దానికి దగ్గరి చుట్టమే. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేదంతా మాంసానికి పెంచే తెల్ల టర్కీ కోడి నూగు. పేరు కొంగది, ఈక కోడిది. మారబూలో కూడా అన్నీ ఒకటి కావు. కొసదాకా నూగున్నది మంచిది. కొస దగ్గర పోగులు పలచబడి దారాల్లా వేలాడుతుంటే పక్కన పెట్టేయాలి. కాడ సన్నగా ఉండాలి. లావుంటే దారం కింద ఉబ్బుతుంది. తోక పొడవు ఎక్కువైతే కత్తెరతో కత్తిరించకూడదు. కత్తిరిస్తే కొసలన్నీ మొండిగా, చీపురులా అవుతాయి. గోటితో గిల్లాలి. అప్పుడు పోగులు ఎగుడుదిగుడుగా తెగి సహజంగా ఉంటాయి. తోక కొక్కెం కాడంత పొడవుంటే చాలు. మరీ పొడవైతే చేప తోక కొరికి పోతుంది, కొక్కెం మిగిలిపోతుంది.

మారబూకి ఒక్కటే లోపం. సుకుమారం. పళ్లున్న చేప నాలుగుసార్లు కొరికితే చింపిరైపోతుంది. అలాంటిచోటికి జింక తోక వెంట్రుక. ఆ దేశంలో తెల్లతోక జింకలు లెక్కకు మిక్కిలి. శరదృతువులో లైసెన్సుతో వేటాడతారు. మాంసం తింటారు, తోక ఇలాంటివాళ్లకి ఇస్తారు. పైన గోధుమరంగు, అడుగున తెలుపు. దాంట్లోనూ తిరకాసుంది. తోక మొదట్లో వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. దారం బిగించగానే గొడుగు విప్పినట్టు విచ్చుకుంటుంది. నేను మొదట కట్టింది అలాగే విచ్చుకుని చీపురుకట్టలా తయారైంది. తోక చివరి సగంలోది సన్నగా, తిన్నగా ఉండి బిగించినా మాట వింటుంది. కట్టేముందు దువ్వెనతో దువ్వి అడుగునుండే పొట్టి ఉన్ని తీసేయాలి. నేను నిండుగా ఉండాలని గుప్పెడు కట్టబోతే ఆయన సగం తీయించారు. ‘‘నీళ్లు వెళ్లడానికి దారి ఉంచు’’ అనేవారు. వెంట్రుకలు ఒత్తుగా ఉంటే అన్నీ కలిసి కర్రలా పోతాయి. పలచగా ఉంటేనే దేనికది కదులుతుంది.

కుందేలు బొచ్చు చర్మంతో సహా సన్నటి పట్టీగా కోసింది వాడతారు. నీళ్లలో అది పాకుతున్నట్టే ఉంటుంది. కానీ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. చిన్న జిగ్‌కి పనికిరాదు. ఉడుత తోక వెంట్రుక జింకది కన్నా సన్నం, మారబూ కన్నా గట్టి. మధ్యరకం. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో యాంటిగో అనే ఊళ్లో మెప్స్‌ అనే గాలాల కంపెనీ ఉంది. వేటగాళ్ల దగ్గర ఉడుత తోకలు కొంటుంది. తిండికోసం కొట్టిన ఉడుతవే పంపండి, తోక కోసం ఉడుతని చంపొద్దు అని ఆ కంపెనీవాళ్లే చెబుతారు. ఈ ముక్క మా కోడలికి చెప్పాను. కొంత మెత్తబడింది. ఫ్రీజర్‌లో చోటు మాత్రం ఇవ్వలేదు.

మరి నేనెంచిన పుంజు ఈక పనికిరానిదా? కాదు. నిగనిగలాడే మెడ ఈక నీళ్లలో నానదు, పోగులు బిరుసు. నీటిమీద తేలే గాలాలకి అదే కావాలి. అందుకోసం కొలరాడోలో ప్రత్యేకంగా పుంజుల్ని పెంచే ఫారాలున్నాయి. 2011లో ఆడపిల్లలు ఆ పొడుగాటి నడుము ఈకల్ని జుట్టులో పెట్టుకోవడం ఫ్యాషనై, గాలాలు కట్టేవాళ్లకి ఈక దొరక్కుండా పోయిందట. మునిగే జిగ్‌కి మాత్రం అదే పుంజు వీపు చివర, తోక మొదట్లో ఉండే వెడల్పాటి ఈక కావాలి. మెరుపుండదు. కాడకి దగ్గరగా నూగు ఎక్కువ. మా నాన్న ఆ ఈకని పట్టించుకున్నట్టు నాకు గుర్తులేదు. పందేనికి దాంతో పనిలేదు మరి. నీళ్లలో ముంచితే ఒక్కో పోగూ చేప రెక్కలాగా మూసి తెరుచుకుంటుంది.

ఒకరోజు నేనే గురువుగారికి కొత్త పాఠం చెప్పబోయాను. ఈకలకి ఆయన పళ్లరసం పొడి, వెనిగర్‌ వేసి రంగులద్దేవారు. ఈకా మాంసకృత్తే, ఉన్నీ పట్టూ మాంసకృత్తే. పులుపు తగిలిన రంగు వాటికి పట్టినట్టు నూలుకి పట్టదు. అది చూసి, మన వంటింట్లో ఇంతకంటే మంచి పసుపు ఉందని నాలుగు మారబూ ఈకల్ని పసుపునీళ్లలో ఉడికించాను. బ్రహ్మాండమైన రంగొచ్చింది. మిగిలిన పసుపు వాసన పోవాలని సబ్బునీళ్లలో జాడించాను. ఎర్రబడిపోయాయి! పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని పాఠాలు చెప్పినవాణ్ని. సబ్బూ క్షారమేనని ఆ క్షణంలో తోచలేదు. వెనిగర్‌లో ముంచితే మళ్లీ పసుపుపచ్చ. పెద్దాయన కళ్లు చికిలించి చూసి, పిల్లాడిలా మళ్లీ మళ్లీ చేయించుకున్నారు. మా ఆవిడ పోయాక నేను గట్టిగా నవ్వింది ఆ మధ్యాహ్నమే.

నేను పట్టిన మొదటి క్రాపీ ఆ పసుపు ఈకకే పడింది. మే నెల, సాయంత్రం. చేప కింద కాదు, దాని కళ్లకి కాస్త పైన జిగ్‌ ఉండాలన్నారు. క్రాపీ పైకి చూసి తింటుందట. దాని మూతి కాగితంలా పలచన, గట్టిగా లాగితే చిరుగుతుంది. ఆ రాత్రి కోడలు పులుసు పెట్టింది. గోదావరి చేప కాకపోయినా చింతపండు మనదే కదా.

ఈకల్లో ఇంకో పాఠం ఉంది. అది నీళ్ల గ్లాసులో తేలేది కాదు. ఒక పొద్దున మనవడితో సరస్సు ఒడ్డున నడుస్తుంటే నీలిబూడిద రంగు ఈక దొరికింది. జానెడున్నర పొడవు. పెద్ద నీలికొంగది. ఎవర్నీ కొట్టలేదు, ఎవరి దగ్గరా తీసుకోలేదు, నేలమీద దొరికింది. ఇద్దరం సంబరంగా గ్యారేజీకి పట్టుకెళ్లాం. పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది.

‘‘ఎక్కడ తీశావో అక్కడే పెట్టేసి రా’’ అన్నారు.

అమెరికాలో 1918 నాటి వలసపక్షుల చట్టం ఉంది. కొంగ, కాకి, గుడ్లగూబ... ఆ దేశపు పక్షుల్లో చాలావాటి ఈక దగ్గర ఉంచుకోవడమే నేరం. రాలిపోయిన ఈకైనా సరే. రాలిందో, చంపి పీకిందో ఈకని చూసి చెప్పలేం కాబట్టి. అంతకుముందు ఆడవాళ్ల టోపీల మీద ఈకలకోసం కొంగల్ని గుట్టలుగా చంపారు. గూళ్లలో పిల్లలు ఆకలితో చచ్చేవి. ఆ అనుభవంతో వచ్చిన చట్టం. కోడి, టర్కీ, ఫెజెంట్‌ లాంటివాటికి ఆ గొడవ లేదు. లైసెన్సుతో వేటాడిన బాతు ఈకల్ని గాలాలకి వాడుకోవడానికీ అనుమతుంది. ‘‘ఈక చూడగానే నీళ్లలో ఏం చేస్తుందని అడగడం నేర్చుకున్నావు. దానికంటే ముందు, ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి’’ అన్నారు.

అప్పుడే ఒక చిన్న రేకు డబ్బా తీసి చూపించారు. దూది మీద ఒకే ఒక్క ఈక. నల్లటి ఈక మీద మైనం చుక్క పెట్టినట్టు పసుపుతెలుపు మచ్చలు. ‘‘ఇది మీ దేశానిదే’’ అన్నారు. దక్షిణ భారతంలో ఉండే బూడిదరంగు అడవికోడి మెడ ఈక! పాతకాలం ఇంగ్లీషువాళ్ల సాల్మన్‌ గాలాలకి అది లేకపోతే అందం లేదు. దానికోసమే మన అడవుల్లో ఎన్ని కోళ్లు పోయాయో. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మనదగ్గర దాన్ని ముట్టుకోకూడదు. ఇప్పుడు విదేశాల్లో అమ్మేది అక్కడే పెంచిన కోళ్లది. ఎప్పుడో కుర్రతనంలో కొన్న ఆ ఈకని ఆయన ఏ గాలానికీ కట్టలేదు. ‘‘దీన్ని కట్టడానికి చేయి రాదు’’ అన్నారు.

ఈక పిచ్చి ఎంతదూరం తీసుకెళ్తుందో తర్వాత ఒక పుస్తకంలో చదివాను. 2018లో వచ్చిన ‘ది ఫెదర్‌ థీఫ్‌’. 2009 జూన్‌లో ఒక అమెరికన్‌ సంగీత విద్యార్థి ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌ మ్యూజియంలో కిటికీ పగలగొట్టి దూరి 299 పక్షుల్ని సూట్‌కేసులో పట్టుకుపోయాడు. శాస్త్రం కోసం వందేళ్లకి పైగా దాచిన పక్షులు కొన్ని గాలాల ఈకలుగా ముక్కలైపోయాయి. ఆ గాలాల్ని నీళ్లలో వేయను కూడా వేయరట. అద్దాల పెట్టెలో పెట్టి చూసుకుంటారు.

ఇంత చదివీ, ఇంత తెలిసీ నేను చేసిన పని చెబుతాను. 2019 మేలో రెండోసారి వెళ్లేటప్పుడు పెద్దాయనకి ఏం తీసుకెళ్లాలా అని ఆలోచించాను. పూతరేకులు ఎవరైనా తీసుకెళ్తారు. మా ఊళ్లో ఒక డేగ పుంజు, ఒక సేతువ పుంజు వీపు చివరి ఈకల్ని ఏరి, ఒక్కొక్కటీ గ్లాసులో ముంచి చూసి, నూట ఇరవై ఎంచాను. సబ్బుతో కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితాల మధ్య పెట్టి కట్ట కట్టాను. నెల రోజుల పని. విమానం దిగాక ఇచ్చే కాగితంలో ‘జంతు సంబంధ వస్తువులు’ అన్నచోట అవునని రాశాను. మాస్టారి అలవాటు, అబద్ధం రాయలేను. అక్కడి అధికారి కట్ట విప్పి చూసి మర్యాదగానే చెప్పాడు. కోళ్లకి బర్డ్‌ ఫ్లూ వచ్చే దేశాల నుంచి శుద్ధి చేయని ఈకలు రానివ్వరట. ముందే చెప్పారు కాబట్టి జరిమానా లేదన్నాడు. నా ఎదురుగానే వాటిని ఒక డబ్బాలో పడేశాడు.

‘‘ఈకలక్కూడా వీసా కావాలా?’’ అని కారులో అబ్బాయితో అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఎక్కడి నుంచి వచ్చిందని ముందు అడగాలని ఆయన చెప్పిన పాఠం, మా ఊరి నుంచే కదా అనుకుని నేనే దాటేశాను.

వట్టి చేతులతో రోడ్డు దాటాను. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది. పెద్దాయన బల్ల ముందే ఉన్నారు. నా వైపు కాకుండా పక్కకి తల తిప్పి చూస్తున్నారు. కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు ముదిరిందట. పక్కలు కనిపిస్తాయి, సూటిగా చూసింది కనిపించదు. నేను మొత్తం కథ చెప్పి ‘‘నూట ఇరవై...’’ అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘వాటిలో బాగున్నవి ఎలా ఉన్నాయో చెప్పు’’ అన్నారు.

నా దగ్గర ఒక్కటీ లేదు. కానీ నెల రోజులు ఒక్కొక్కటే ముంచి చూసినవాణ్ని. చెప్పాను.

మర్నాటి నుంచి పని తిరగబడింది. ఎంచడం నాది. సంచిలోంచి ఈక తీసి గ్లాసులో ముంచుతాను. ‘‘ఏం చేస్తోంది?’’ అని ఆయన అడుగుతారు. ‘‘కదులుతోంది’’ అంటే ఒప్పుకోరు. ఎలా కదులుతోంది? మొదలు కదులుతోందా, కొస కదులుతోందా? ఆపిన తర్వాత ఎంతసేపు కదులుతోంది? నా ఇంగ్లీషు సైన్సు ఇంగ్లీషు. ఆమ్లాలు, క్షారాలు, బలాలు. ఈక నీళ్లలో ఏం చేస్తుందో చెప్పడానికి ఆ మాటలు చాలవు. వెతుక్కునేవాణ్ని. ‘‘చెరువులో చీర జాడిస్తే కొంగు వచ్చినట్టు వస్తోంది’’ అన్నాను ఒకదాన్ని. మా ఆవిడ కాలవరేవులో జాడించిన చీర కళ్లముందు కదిలింది. ఆయనకి చీర తెలియదు, రేవు తెలియదు. చేతులతో చూపించాను, అదీ ఆయనకి కనిపించదు. చివరికి ఆయన చెయ్యి పట్టుకుని గాల్లో అలా కదిపాను.

‘‘అర్థమైంది. అది ఉంచు’’ అన్నారు.

ఆ మూడు నెలల్లో రెండు వందల ఈకల దాకా అలా చెప్పుంటాను. ఆయన ఉంచమన్నవి డెబ్భై. వాటితో కట్టిన జిగ్‌లకి చేపలు బాగానే పడ్డాయి. పడకపోయినా నాకు ఆ మధ్యాహ్నాలు చాలు. ఇల్లు వదిలి పదమూడు వేల కిలోమీటర్ల అవతల, నేను చూసింది కావాలని ఒక మనిషి అడిగాడు.

మర్నాటి ఏడాది కరోనా. ఆ తర్వాత నేను మళ్లీ వెళ్లలేదు. పెద్దాయన వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి మారిపోయారు. వెళ్లేముందు డబ్బాలు, సీసాలు, వైస్‌ అన్నీ మా మనవడికి ఇచ్చారు. రేకు డబ్బా మాత్రం తనతో తీసుకెళ్లారట.

నేనిక్కడ మా ఊళ్లోనే. వరండాలో కూర్చుంటే పక్కింటి పుంజు వచ్చి ఈక రాల్చిపోతుంది. అలవాటు పోదు కదా, గ్లాసులో ముంచి చూస్తాను. మొన్న ఆదివారం మనవడు వీడియోలో ఫోన్‌ చేశాడు. ఇప్పుడు నాకంటే పొడుగు. కెమెరా ముందు ఒక తెల్లటి మారబూ ఈక పట్టుకున్నాడు.

‘‘తాతా, ఇది బాగుందా?’’

దూదిలా ఉంది. చూడముచ్చటగా ఉంది.

‘‘ముందు గ్లాసుతో నీళ్లు పట్టుకురా నాన్నా’’ అన్నాను.